పి అంటే పొడి

పోయిన నెలలో ఒక ఆదివారం సాయంత్రం మా అపార్ట్‌మెంట్ కింద హాల్లో ఆరోగ్యం మీద ఉపన్యాసం పెట్టారు. మద్రాసు పెరంబూరులో మా బ్లాకు సగానికి సగం తెలుగువాళ్ళే కాబట్టి వచ్చినాయన తెలుగులోనే మాట్లాడాడు, జోకులు మాత్రం తమిళంలో వేశాడు. తెర మీద ఒక మనిషి బొమ్మ. మోకాళ్ళ నుంచి ఒక గీత, తల నుంచి ఒక గీత, పొట్ట నుంచి ఒక గీత బయల్దేరి మధ్యలో ఒక ఎర్ర చుక్క దగ్గర కలుస్తున్నాయి. "నొప్పి, డిప్రెషన్, ఇమ్యూనిటీ. మూడింటికీ ఒకటే స్విచ్చండీ. దాని పేరు ఎన్‌కే-1 రిసెప్టర్. ఇది నా మాట కాదు, సైన్సు మాట" అన్నాడు. రిసెప్టర్ అంటే కణం మీద కబురు అందుకునే ద్వారం. ఆ స్విచ్చిని సరిచేసే పొడి డబ్బా 1800 రూపాయలు. మూడు తీసుకుంటే ఒకటి ఉచితం.

పొడి అనగానే నాకు నవ్వాగలేదు. పక్కన కూర్చున్న మా అత్తగారు మోచేత్తో ఒక్కటిచ్చారు. ఎందుకు నవ్వానో కిందికి వెళ్ళేకొద్దీ తెలుస్తుంది.

ప్రశ్నలుంటే అడగమన్నప్పుడు లేచాను. "ఆ స్విచ్చి వేస్తే నొప్పి పెరుగుతుందన్నారు. అంటే నొప్పి తగ్గాలంటే దాన్ని ఆపాలి. అదే స్విచ్చి వేస్తే ఇమ్యూన్ కణాలు రెచ్చిపోతాయి. అంటే మీరన్నట్టు ఇమ్యూనిటీ పెరగాలంటే దాన్ని వెయ్యాలి. మీ పొడి ఆపుతుందా, వేస్తుందా అండీ?" ఆయన కొంచెం కూడా తడబడలేదు. "బ్యాలెన్స్ చేస్తుందమ్మా" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, మా అత్తగారితో సహా.

ఇంటికొచ్చాక మాత్రం నా నవ్వు నిలవలేదు. రిసెప్టర్ గురించి ఆయన చెప్పిన మాటలో అబద్ధం లేదు మరి. వెన్నుపాములో నొప్పి కబుర్లు అందుకునే కణాల మీద అది ఉంది. భయం, బెంగ పుట్టే మెదడు భాగాల్లో ఉంది. రక్షణ కణాలైన మాక్రోఫేజ్‌ల మీద, టి-కణాల మీద ఉంది. పాతికేళ్ళ కిందట బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివేటప్పుడు నేనూ ఇదే మాటని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. పెద్దపెద్ద మందుల కంపెనీలు, వాటిలో పనిచేసే గొప్ప గొప్ప బుర్రలు, పదేళ్ళకు పైగా ఇదే మాటని నమ్ముకుని కూర్చున్నాయి. అలాంటప్పుడు ఆ డబ్బా మనిషిని ఒక్కణ్ణీ పట్టుకుని తిట్టడం న్యాయం కాదు.

నేననేది ఇది. ఒక చోట ఉండటం వేరు, ఆ చోటును నడపడం వేరు. మా చిన్న మావయ్య లేని పెళ్ళి ఫొటో మా వైపు చుట్టాల్లో ఎవరింట్లోనూ దొరకదు. గాడిపొయ్యి దగ్గర ఆయనే, విడిదింట్లో ఆయనే, పెళ్ళికొడుకు కాళ్ళు కడిగేటప్పుడు చెంబు అందిస్తున్నదీ ఆయనే. ఆల్బం చూసినవాళ్ళు పెళ్ళంతా ఆయన చేతుల మీదే జరిగిందనుకుంటారు. ఒక పెళ్ళికి కామెర్లు వచ్చి ఆయన రాలేకపోయాడు. వంటలు బాగానే కుదిరాయి. ముహూర్తం తప్పలేదు. వియ్యాలవారు ఎప్పుడు అలగాలో అప్పుడే అలిగారు. బస్సు మాత్రం గంటన్నర కదల్లేదు, డ్రైవరు ఫోన్ నంబరు ఆయన ఒక్కడి దగ్గరే ఉంది. ఆయన చేసే పని ఏమిటో ఆయన రాని రోజున తెలిసింది. ఎన్‌కే-1 కథ కూడా అచ్చం ఇలాగే నడిచింది.

గుర్రం పేగులు, ఎలుకల చొంగ

1931లో లండన్‌లో ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్, జాన్ గాడమ్ అనే ఇద్దరు గుర్రం మెదడు నుంచి, పేగుల నుంచి ఒక సారం తీశారు. అది పడితే కుందేలు పేగు ముడుచుకుంటుంది, రక్తపోటు పడిపోతుంది. నరాల కబురు మోసే అసిటైల్‌కోలిన్ పనేమో అనుకుంటే, దాన్ని అడ్డుకునే అట్రోపిన్ వేసినా ఇది ఆగలేదు. ఆ సారాన్ని ఎండబెట్టి పొడి చేసి దాచుకున్నారు, నోటు పుస్తకంలో గుర్తుకి 'పి' అని రాసుకున్నారు. పి అంటే పౌడరు. అదే తర్వాత సబ్‌స్టెన్స్ పి అయి కూర్చుంది. నొప్పికి ఇంగ్లీషులో పెయిన్ అంటారు కదా, అందుకే పి అని నేను పాఠం చెప్పే పిల్లలు ఏటా ఠంచనుగా రాస్తారు. కాదర్రా, పి అంటే పొడి అని నేనూ ఏటా చెప్తాను. హాల్లో డబ్బా చూసి నవ్వింది ఇందుకే.

ఆ పొడిలో అసలేముందో తేలడానికి నలభై ఏళ్ళు పట్టింది. అదీ వేరే పని మీద వెళ్తుంటే దార్లో దొరికింది. అమెరికాలో సూజన్ లీమన్ అనే ఆవిడ ఒత్తిడి హార్మోన్‌ను విడుదల చేయించే పదార్థం కోసం ఆవుల మెదళ్ళు రుబ్బి వడకడుతోంది. ఒక సారం ఎక్కిస్తే ఎలుకలు చొంగ కార్చడం మొదలుపెట్టాయి. వెతుకుతున్నది అది కాకపోయినా ఆవిడ ఆ చొంగ వెంటే వెళ్ళింది. చివరికి చూస్తే అది ఆ పాత పొడే. 1971లో దాని వరస తేలింది. పదకొండు అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. అది వచ్చి తగులుకునే ద్వారమే ఎన్‌కే-1.

నాకు ఈ కథలో నచ్చేది ఇదే. దీన్ని నొప్పి పదార్థమనో మనసు పదార్థమనో అనుకుని ఎవరూ వెతకలేదు. పేగు ముడుచుకోవడం, చొంగ కారడం, ఇవి దాని మొదటి ఆనవాళ్ళు. నొప్పి సంగతి మధ్యలో, 1953లో, ఫ్రెడ్ లెంబెక్ ఊహించాడు. స్పర్శ నరాలు వెన్నుపాములోకి వచ్చే చోట ఇది ఎక్కువగా ఉందని గమనించి, నొప్పి కబురు మోసేది ఇదే అయ్యుండొచ్చన్నాడు. అక్కణ్ణుంచి పొట్ట సంగతి వెనక్కి పోయింది. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత తిరిగి ఆ పొట్ట దగ్గరికే రావలసి వచ్చింది.

కల్లంలో పెద్దమ్మ

మా పెద్దమ్మది గుంటూరు దగ్గర పల్లెటూరు. పెళ్ళికి ముందు మిరప కల్లాల్లో తొడిమలు తీయడానికి పోయేది. మొదటి మూడు నాలుగు రోజులు అరచేతులు నిప్పుల్లో పెట్టినట్టు ఉంటాయట. వేళ్ళ సందులు ఎర్రగా వాచిపోతాయట. రాత్రి మజ్జిగ కుండలో చేతులు పెట్టుకుని కూర్చునేవాళ్ళట. "పది రోజులు పోయాక ఏమీ ఉండదే. కొత్తగా వచ్చిన పిల్లలు ఏడుస్తుంటే మేం నవ్వేవాళ్ళం" అంటుంది.

ఆ అరచేతిలో జరిగేదే మా సబ్జెక్టంతా. మిరపలోని క్యాప్సైసిన్ నరం కొనలో టీఆర్‌పీవీ-1 అనే ద్వారాన్ని తెరుస్తుంది. దాన్ని 1997లో పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. ద్వారం తెరుచుకోగానే నరం రెండు వైపులా పి-ని వదులుతుంది. లోపలి కొన నుంచి వెన్నుపాములోకి, బయటి కొన నుంచి చర్మంలోకి. లోపలికి పోయింది నొప్పి కబురుకి బలం ఇస్తుంది. బయటికి వచ్చింది రక్తనాళాలను వదులు చేసి నీరు ఊరేలా చేస్తుంది, రక్షణ కణాలను లేపుతుంది. అంటే వాపు వచ్చాక నరానికి తెలియడమే కాదు, నరం తనంతట తానే వాపు తెప్పించగలదు. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

మరి పది రోజుల తర్వాత మంట ఎందుకు ఆగుతుంది? నరంలో పి నిల్వలు ఖాళీ అయిపోతాయి కాబట్టి అని మాకు చెప్పారు. నేనూ పిల్లలకి చాలా ఏళ్ళు అదే చెప్పాను. ఇప్పుడు అనేది వేరు. క్యాప్సైసిన్ దెబ్బకి నరం కొనే కొన్నాళ్ళు పని మానేస్తుంది, కొంత వెనక్కి ముడుచుకుంటుంది కూడా. పి ఖాళీ కావడం దానితోపాటు కనిపించే ఒక గుర్తు, అంతే. సర్పి తగ్గాక మిగిలే నరాల మంటకి 8 శాతం క్యాప్సైసిన్ పట్టీని 2009లో అమెరికాలో అనుమతించారు. పట్టీ పనిచేస్తోంది సరే, ఆ ఘనత పి-కి ఇవ్వడానికి లేదు. మంట ఆగిన చోట పి లేదు గనక, పి లేకపోవడం వల్లే మంట ఆగిందనుకున్నాం. మళ్ళీ మావయ్య ఫొటోనే.

1998లో పండగ, ఆ తర్వాత

1991లో ఎన్‌కే-1ని మూసే మొదటి చిన్న రసాయనం వచ్చింది. 1998కల్లా పండగ వాతావరణం. ఈ రిసెప్టర్ లేకుండానో, అసలు పి-యే లేకుండానో పుట్టించిన ఎలుకల మీద ఆ ఏడాది వరసగా వ్యాసాలు వచ్చాయి. గట్టి నొప్పులకి అవి తక్కువగా స్పందిస్తున్నాయి, కొట్లాటలూ తక్కువ. అదే ఏడాది డిప్రెషన్ రోగుల మీద ఒక ట్రయల్ ఫలితం కూడా వచ్చింది. తల్లి నుంచి విడదీస్తే గినీపిగ్ పిల్లలు అరిచే అరుపుల్ని తగ్గించిన మందు, మనుషుల్లో అప్పటికే వాడుకలో ఉన్న డిప్రెషన్ మందు పరోక్సెటిన్‌కి దీటుగా పనిచేసినట్టు కనిపించింది. నొప్పికీ దిగులుకీ ఒకే మాత్ర. నేను అప్పుడే డిగ్రీలో చేరాను. రెండేళ్ళ తర్వాత మా మాస్టారు క్లాసులో ఈ పేపర్ చదివి వినిపించి "ఇక చూడండి" అన్నారు.

చూశాం. దెబ్బతిన్న నరాల నొప్పికి పనిచేయలేదు. మైగ్రేన్‌కి పనిచేయలేదు. కీళ్ళ నొప్పికీ లేదు. జ్ఞానదంతం తీసినాక వచ్చే నొప్పి మీద ఒక ట్రయల్‌లో కాస్త ప్రభావం కనిపించింది, అది నిజమే, దాన్ని దాచి వాదించను. కానీ 2000 వచ్చేసరికి ఇవి మనుషుల్లో నొప్పిని ఎందుకు తగ్గించడం లేదు అన్న ప్రశ్నే పేరుగా పెట్టుకుని ఫార్మకాలజీ పత్రికలో వ్యాసం వచ్చింది. డిప్రెషన్ మందు కూడా పెద్ద ట్రయల్స్‌లో చప్పబడింది, 2003లో కంపెనీ ఆ దారి వదిలేసింది. అప్పటికే స్కానులు తీసి మందు మెదడులోకి వెళ్తోందనీ, రిసెప్టర్లలో చాలా భాగాన్ని నింపుతోందనీ చూసుకున్నారు. అంటే తాళం పడింది. ఇల్లు మాత్రం మామూలుగానే నడుస్తోంది.

ఎందుకో చెప్పే ప్రయోగం నిజానికి ముందే, 1997లోనే వచ్చింది. పాట్రిక్ మాంటీ బృందం పి-కి ఒక విషాన్ని అంటగట్టి ఎలుకల వెన్నుపాములోకి పంపింది. ఎన్‌కే-1 ఉన్న కణాలు ఆ పి-ని మింగి చచ్చిపోయాయి. ఆ ఎలుకల్లో ముదిరిన నొప్పి బాగా తగ్గింది. కాబట్టి ఆ కణాలు నొప్పికి కీలకమే. కానీ కణాన్ని చంపడం వేరు, దాని మీదున్న ఒక ద్వారాన్ని మూయడం వేరు. ఆ కణానికి గ్లుటమేట్ అనే వేరే రసాయనం కబురు వచ్చే ద్వారాలున్నాయి, ఇంకా వేరేవీ ఉన్నాయి. వీధి తలుపు మూస్తే పాలవాడు పెరటి గుమ్మంలోంచి వస్తాడు. ఎన్‌కే-1 ఆ ఇంటి నేమ్‌ప్లేటు లాంటిది. ఇల్లు గుర్తుపట్టడానికి భేషుగ్గా పనికొస్తుంది.

ఇక్కడ నాకు ఒక అనుమానం మిగిలే ఉంది. ఎలుకకి నొప్పి తగ్గిందని మనం అనుకునేది, అది కాలు వెనక్కి తీసుకోవడం ఆలస్యమైతే. మనిషి కాలు వెనక్కి తీసుకోడు. పెద్దమ్మకి ఇక్కడ మద్రాసులో ఆపరేషన్ అయిన మర్నాడు నర్సమ్మాయి వచ్చి "వలి ఇరుక్కా పాట్టీ?" అంది. వలి అంటే నొప్పి అని పెద్దమ్మకి ఎవరో చెప్పి ఉంచారు. "వలీ లేదు గిలీ లేదు" అంది నవ్వుతూ. పదికి ఎంతో నంబరు చెప్పాలని నేను మధ్యలో దూరాను. "ఏ పదికే? నిన్నటి మీద తక్కువ. మీరు గదిలో లేకపోతే ఎక్కువ." నర్సమ్మాయి తమిళంలోకి నన్ను తిప్పి చెప్పమంది. నేను మూడు అని చెప్పాను. ఆ మూడు నాది, పెద్దమ్మది కాదు. ఇలాంటి మూళ్ళూ నాలుగులూ కూడితే వచ్చేదే ట్రయల్ అయినప్పుడు, మందు ఓడిందో కొలత ఓడిందో ఎవరు చెప్పాలి? డిప్రెషన్ విషయంలో కూడా, తర్వాత వచ్చిన ఆర్వెపిటాంట్ లాంటి ఎన్‌కే-1 మందుల్ని దాదాపు అన్ని రిసెప్టర్లూ నిండేంత మోతాదులో ఇస్తే ఒకటి రెండు ట్రయల్స్‌లో ఫలితం వచ్చిందనీ, అంతకు ముందు ఇచ్చింది చాలలేదనీ వాదించేవాళ్ళున్నారు. వాళ్ళని తోసిపుచ్చే చదువు నాకు లేదు. కానీ ఒక ద్వారాన్ని నూటికి నూరుపాళ్ళూ మూస్తే గానీ కాస్త ఫలితం కనపడదంటే దాన్ని స్విచ్చి అనడానికి నాకు నోరు రాదు.

ఇదే నరం కొనల్లో పి పక్కనే సీజీఆర్‌పీ అని పి లాంటిదే ఇంకొక అమైనో ఆమ్లాల గొలుసు ఉంటుంది. పి అంత పేరు దానికి ఎప్పుడూ లేదు. మైగ్రేన్‌కి మాత్రం దాన్ని ఆపే మందులే పనిచేశాయి, 2018 నుంచి వాడుకలో ఉన్నాయి. ఒకే సంచీలోంచి ఇద్దరూ దిగుతారు, పని ఎవరిదో దిగేటప్పుడు చూస్తే తెలియదు.

రెండో రోజు రాత్రి

పెద్దమ్మకి రొమ్ము క్యాన్సర్ అని తేలాక, మద్రాసులో అయితే నేనున్నానని ఇక్కడికే తీసుకొచ్చాం. మొదటి కీమో రోజున సిరంజీలో ఎర్రమందు చూసి "ఏమే, పండుమిరప రసం ఎక్కిస్తున్నారా?" అంది. డాక్సోరూబిసిన్ రంగే అంత. ఒంటేలు ఎర్రగా వస్తే భయపడొద్దని నర్సు ముందే చెప్పింది.

ఆ మందుల చీటీలో వాంతులకి ఒకటికి మించి రాశారు. మెడికల్ షాపులో అన్నయ్య బిల్లు చూసి "వాంతి మాత్ర ఒకటి తీసుకున్నాం కదమ్మా, మళ్ళీ ఇదెందుకు? మూడు క్యాప్సూల్స్‌కి ఇంతా?" అని రెండోది తీసేయమన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ. తలూపాను. వాంతి మాత్ర వేసుకున్నారా అని వార్డులో అడిగితే ఆ అన్నాం. మేం వదిలేసింది అప్రెపిటాంట్. నా చదువంతా ఏ రిసెప్టర్ చుట్టూ తిరిగిందో ఆ ఎన్‌కే-1ని మూసే మందు.

మొదటి రోజు ఏమీ కాలేదు. రాత్రికి పెరుగన్నం తిని పడుకుంది. "చూశావా?" అన్నాడు అన్నయ్య. రెండో రోజు రాత్రి పదకొండింటికి మొదలైంది. నీలం ప్లాస్టిక్ బకెట్, తడి తువ్వాలు, నేను. మంచినీళ్ళు గుక్కెడు పోస్తే రెండు గుక్కెళ్ళు బయటికి వచ్చేవి. నాలుగో సారి తర్వాత వచ్చేదేమీ లేదు, అయినా ఒళ్ళంతా మెలిపెట్టి వచ్చేది. కిటికీ ఊచ పట్టుకుని, "కాన్పు నొప్పులే నయమే" అంది. గోడకున్న క్యాలెండర్ కాగితం మీద గీతలు పెడుతూ వచ్చాను. తెల్లవారేసరికి తొమ్మిది. మర్నాడు సెలైన్ ఎక్కించడానికి తీసుకెళ్తే డాక్టరు చీటీ, బిల్లు పక్కపక్కన పెట్టి చూశాడు. తిట్టలేదు. "ఈసారి మూడు రోజులూ వేయండి" అన్నాడు. తిట్టినా బాగుండేది.

రెండు మాత్రలూ వాంతులకే అయినా అవి కాపలా కాసే గుమ్మాలు వేరు. కీమో పడగానే పేగు కణాలు సెరటోనిన్ కక్కుతాయి, పొట్ట నుంచి మెదడుకి వెళ్ళే వేగస్ నరం పైకి కబురు పెడుతుంది. మొదటి రోజు వాంతులు ఎక్కువగా ఇవి. మేం వేసిన మాత్ర, ఒండాన్‌సెట్రాన్, దీన్ని ఆపుతుంది. రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా వచ్చేవాటిలో పెద్ద పాత్ర మెదడు కాండంలో పి-ది. అక్కడి ఎన్‌కే-1ని అప్రెపిటాంట్ మూస్తుంది. మొదటి రోజు 125 మిల్లీగ్రాములు, తర్వాత రెండు రోజులు 80 చొప్పున. రెండో కీమోకి అన్నీ వేశాం. రెండో రోజు రాత్రి బకెట్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. పదకొండు దాటింది, పన్నెండు దాటింది. పెద్దమ్మ గురక పెట్టింది. కొంచెం వికారం, నోరు చప్పన, అంతే.

ఒక్క పెద్దమ్మతో ఏదీ రుజువు కాదు. డబ్బా ఆయన కూడా ఇలాంటి పెద్దమ్మల కథలే చెప్పాడు. తేడా ఏమిటంటే, ఇచ్చేవాళ్ళకీ పుచ్చుకునేవాళ్ళకీ ఏది మందో ఏది ఉత్త మాత్రో తెలియకుండా, కీమో మందుల్లో అన్నిటికన్నా ఎక్కువ వాంతులు తెప్పించేవాటిలో ఒకటైన సిస్ప్లాటిన్ మీద దీన్ని పరీక్షించారు. అక్కడ నిలబడింది. 2003లో అనుమతి వచ్చింది. కంపెనీ డిప్రెషన్ ఆశ వదులుకున్న ఏడాదే ఇది.

బస్సు డ్రైవరు నంబరు ఇక్కడ ఉందన్నమాట. మరి ఇది ముందే ఎందుకు తట్టలేదంటే ఒక తమాషా కారణం ఉంది. ఎలుక కక్కుకోలేదు. దాని ఒంటికి ఆ ఏర్పాటే లేదు. ల్యాబుల్లో అందరూ ఎలుకల్నే పెట్టుకుని, వాటికి చేతకాని పనిలో ఈ మందు గొప్పదని కనిపెట్టడం ఎలా? చివరికి ముంగిసలా ఉండే ఫెరెట్‌ల మీద, చుంచెలుకల మీద చూడవలసి వచ్చింది. చుంచెలుకకి పేరులోనే ఎలుక గానీ జాతి వేరు, అది చక్కగా కక్కుకుంటుంది. మన వంటింటి మూలల్లో కీచుమంటూ కంపుకొడుతూ తిరిగే జీవి పెద్దమ్మకి ఒక రాత్రి నిద్ర ఇచ్చిందంటే మా అత్తగారు నమ్మలేదు. ఆ పేరు ఎత్తినందుకే ముక్కు మూసుకున్నారు.

అంతా టెన్షనే

ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి నా స్నేహితురాలు ఒక మాటంది. "నువ్విలా రాస్తే, ఒళ్ళునొప్పులని వెళ్ళిన ఆడవాళ్ళకి 'అంతా మీ మనసులోనే ఉందమ్మా' అని చెప్పి పంపే డాక్టర్లకి నువ్వే కర్ర అందించినట్టు." ఇది నన్ను నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే ఆ మాట నేనూ పడ్డాను.

మా నాన్న మంచాన పడ్డ ఏడాది నాకు ఒళ్ళంతా దద్దుర్లు. బ్లౌజు అంచు తగిలిన చోట, వాచీ పట్టీ కింద, కూరగాయల సంచీ మోస్తే అరచేతిలో. చర్మం డాక్టరు రెండు నిమిషాలు చూసి "టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడు. అబద్ధమా అంటే కాదు. పనికొచ్చే మాటా అంటే అదీ కాదు. ఇంటికొచ్చి పెన్ను మూతతో మోచేతి కింద ఒక గీత గీసుకున్నాను. ముందు ఎర్ర గీత, తర్వాత దాని చుట్టూ అంగుళం మేర పాకిన ఎరుపు, తర్వాత గీత పొడుగునా తాడులా లేచిన దద్దు. థామస్ లూయిస్ 1927లో పుస్తకంలో రాసిన మూడు మెట్లూ నా చేతి మీదే. ఆ పాకే ఎరుపు నరం చేసే పని. నరం చచ్చిపోయిన చర్మంలో అది పాకదు. కాబట్టి నరానికీ దద్దుకీ సంబంధం ఊహ కాదు. నా చేతి మీద నేను చూశాను.

కానీ పి వచ్చి చర్మంలోని మాస్ట్ కణాన్ని తట్టి, దద్దు లేపే హిస్టమిన్‌ను కక్కించేది చాలావరకు ఎన్‌కే-1 ద్వారా కాదని 2015లో తేలింది. దానికి ఎంఆర్‌జీపీఆర్‌ఎక్స్-2 అనే వేరే ద్వారం ఉంది. అంటే పి పనిచేస్తున్న చోట కూడా ఎన్‌కే-1ని మూసి లాభం ఉండకపోవచ్చు. మొండి దురదల కోసం తయారైన సెర్లోపిటాంట్ అనే ఎన్‌కే-1 మందు కూడా చివరి ట్రయల్స్‌లో నిలబడలేదు. నా దద్దుర్లు మామూలు యాంటీ హిస్టమిన్ మాత్రని ఏడు నెలలు రోజూ వేసుకుంటే తగ్గాయి. స్ట్రిప్పు ముప్పై రూపాయలు కూడా లేదు.

స్నేహితురాలికి నేను చెప్పింది ఇది. 'అంతా మనసులోనే' అన్న డాక్టరూ, 'అంతా ఒకే స్విచ్చి' అన్న డబ్బా ఆయనా ఒకే పని చేస్తున్నారు. ఇద్దరూ సంబంధం ఉందన్న దగ్గర ఆగిపోయారు. ఒకాయన ఆ సంబంధాన్ని చూపించి రోగిని ఇంటికి పంపేశాడు, ఇంకొకాయన దాన్నే చూపించి డబ్బా అమ్మాడు. ఏ ద్వారం, ఏ కణం మీద, మూస్తే ఏమైంది అని ఇద్దరూ అడగలేదు. "నీకు అడగటం వచ్చు. మిగతావాళ్ళు ఏం చేస్తారే?" అంది తను. దానికి నా దగ్గర జవాబు లేదు. చదువుకున్న నేనే మెడికల్ షాపులో తలూపానని గుర్తొచ్చింది.

మా అత్తగారు డబ్బా కొన్నారు. ఒకటే, మూడు కాదు. మోకాళ్ళకి పది రోజులు వాడి, నొప్పి తగ్గిందో లేదో తేల్చుకోలేక స్టీలు అరలో వెనక్కి నెట్టారు. మూడో కీమో అయిన మూడో రోజు పొద్దున పెద్దమ్మ ఇడ్లీలోకి కారప్పొడి అడిగింది. నోరు పూసి ఉంటుందేమో, వద్దంటారేమో అని నేను నసిగాను. నాలుక చూపించింది, పుళ్ళేమీ లేవు. అరలో చెయ్యి పెడితే ముందు ఆ 1800 రూపాయల డబ్బా తగిలింది, దాని వెనక కారప్పొడి సీసా. చిటికెడంటే చిటికెడు వేసి, నువ్వుల నూనె ఎక్కువ పోసి ఇచ్చాను. ఒకటిన్నర ఇడ్లీ తిని, వేలు నాకి, "గుంటూరు కారం కాదే ఇది" అంది.